దూరపు ఊరి నుంచి పాత జిప్సీ కొనాలంటే: ముందు కాయితం, తర్వాత ఛాసీ, ఆఖర్న ఇంజను

మారుతి జిప్సీ కొత్తది ఇప్పుడు ఎక్కడా దొరకదు. 1985 డిసెంబర్లో మన దేశంలో వచ్చింది, ఎయిర్‌బ్యాగులు ఏబీఎస్ రూల్స్ వచ్చాక 2019కల్లా మామూలు జనానికి అమ్మటం ఆపేశారు. అంటే కావాలనుకున్న ప్రతివాడూ పాతదే వెతుక్కోవాలి, మన వైపు ఉన్నవే తక్కువ, ఉన్నవాళ్లు ఒక పట్టాన వదలరు. పంజాబ్, హర్యానా, ఉత్తరాఖండ్, రాజస్థాన్ వైపు మాత్రం బాగానే దొరుకుతాయి. అందుకని విజయవాడలో కూర్చుని ఎక్కడో 2 వేల కిలోమీటర్ల అవతల ఉన్న బండికి ఫోన్లో బేరం ఆడాల్సొస్తుంది. నేను అలాగే డెహ్రాడూన్ నుంచి 2008 మోడల్ ఒకటి తెచ్చుకున్నా. దానికి ముందు ఇంకో ఊళ్లో ఇంకో బండికి 15 వేలు అడ్వాన్స్ వేసి పోగొట్టుకున్నా. రెండిట్లోనూ నేర్చుకున్నది మొత్తం ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే నాకు ఫోన్ చేసి అడిగే వాళ్లంతా మొదట అడిగే మాట "ఇంజను ఎలా ఉంది అని ఎలా తెలుసుకోవాలి" అని. అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న.

ఎందుకంటే ఇంజను చెడితే ఆటోనగర్లో పదిహేను రోజుల్లో దింపి బాగు చేసి ఎక్కిస్తారు, ఖర్చెంతో ముందే చెప్తారు. ఛాసీ, అంటే బాడీ కింద ఉండే ఇనప చట్రం, తుప్పు పడితే అది కూడా చేయొచ్చు కానీ డబ్బు, టైమూ రెండూ మింగేస్తుంది. కాయితం తేడా ఉంటే మాత్రం ఏ మెకానిక్కూ ఏమీ చేయలేడు, బండి ఇంట్లో బొమ్మలా ఉండాల్సిందే. అందుకే చూసే వరస కాయితం, ఛాసీ, ఇంజను. జనం సరిగ్గా దీనికి తిరగేసి చూస్తారు, ఫోటోల్లో రంగు చూసి పడిపోతారు.

ముందు ఏ జిప్సీ కావాలో తేల్చుకోండి, ఇది త్వరగానే అయిపోద్ది. మొదట వచ్చిన 410లో 970 సీసీ ఇంజను, 45 హార్స్ పవర్, ఘాట్ ఎక్కాలంటే ఓపిక ఉండాలి. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లో 1.3 లీటర్ కార్బరేటర్ ఇంజను, 60 హార్స్ పవర్. 2000 నుంచి అదే 1.3 లీటర్ ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ పంపేది), 16 వాల్వులు, 80 హార్స్ పవర్. రోజూ కాకపోయినా నెలకి రెండు మూడు సార్లు లాంగ్ వెళ్లేవాళ్లు ఎంపీఎఫ్ఐ కొనుక్కోండి. పాత ఎస్టీమ్‌లో వచ్చింది కూడా ఈ 1.3 ఫ్యామిలీ ఇంజనే కాబట్టి దీని పని తెలిసిన మెకానిక్కులు మన దగ్గర ఉన్నారు. పవర్ స్టీరింగ్ ఉండదు, ముందూ వెనకా కమాన్ పట్టీలే, గుంతలో పడితే నడుముకి తెలుస్తుంది, ఇంట్లో వాళ్లని ముందే ఒకసారి ఎవరి జిప్సీలోనైనా ఎక్కించి తిప్పండి.

ఇప్పుడు అసలు సంగతి, కాయితాలు. అమ్మేవాడితో మొదటి ఫోన్లోనే ఆర్‌సీ రెండు వైపులా ఫోటో, ఇన్సూరెన్స్ కాపీ, బండి మీద కొట్టిన ఛాసీ నంబర్ ఫోటో అడగండి. పంపనన్నాడు అంటే అక్కడితో ఆపేయండి, ఎంత మంచి బండైనా సరే. పంపితే బండి నంబర్ని పరివాహన్‌లో (కేంద్ర రవాణా శాఖ సైటు) కొట్టి చూడండి, ఓనర్ పేరు సగం చుక్కల్లో కనిపిస్తుంది, దాన్ని ఆర్‌సీలో పేరుతో కలపండి, రిజిస్ట్రేషన్ డేటు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, లోన్ ఉందా లేదా, బ్లాక్ లిస్టులో పెట్టారా అన్నీ చూడండి. ఈ-చలాన్లు వేరేగా చూడాలి. దొంగ బండి ఏమో అన్న అనుమానానికి ఎన్‌సీఆర్‌బీ (దేశం మొత్తం నేరాల రికార్డులు చూసే సంస్థ) వాళ్ల సైటులో బండి నంబరు, ఇంజను నంబరు, ఛాసీ నంబరు ఇస్తే పోలీసు రికార్డుల్లో ఉందో లేదో రిపోర్ట్ వస్తుంది. రిపోర్ట్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకోండి, తర్వాత కూడా అక్కరకొస్తుంది.

నా 15 వేలు పోయింది ఇక్కడే. ఆర్‌సీ ఫోటోలో హైపోథికేషన్ (బండి లోన్ కింద తాకట్టులో ఉందని) అన్న చోట ఒక బ్యాంకు పేరు ఉంది, నేను గమనించలేదు, పరివాహన్‌లో కూడా చూడకుండా అడ్వాన్స్ వేశా. తర్వాత అడిగితే లోన్ ఎప్పుడో కట్టేశాం సార్ అన్నాడు, కాయితం మాత్రం ఇవ్వలేడు, డబ్బులూ తిరిగి ఇవ్వలేదు. లోన్ కట్టేయటం వేరు, ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించటం వేరు. ఫామ్ 35 మీద బ్యాంకు సంతకం, దాంతో పాటు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాయితం), రెండూ అమ్మేవాడి ఆర్టీవోలో ఇచ్చి పేరు తీయించాకే మనం ముందుకి కదలాలి. "బండి తీసుకెళ్లండి, నేను పంపిస్తా" అంటే వద్దు.

ఆర్‌సీ మీద ఉన్న మనిషే అమ్ముతున్నాడా అన్నది ఇంకోటి. చాలాసార్లు ఒకడి పేరు మీద ఆర్‌సీ, ఇంకొకడు కొనుక్కుని ట్రాన్స్‌ఫర్ చేయించుకోకుండా నాలుగేళ్లు తిప్పి, ఇప్పుడు మనకి అమ్ముతుంటాడు. ఇప్పుడు ఆన్‌లైన్ పనులకి ఓటీపీ ఓనర్ నంబర్‌కే పోతుంది, ఆ ఓనర్ ఎక్కడున్నాడో అమ్మేవాడికే తెలియదు అంటే మన పని ఏమవుద్దో ఆలోచించండి. ఓనర్ చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదకి ఫామ్ 31తో మారాలి, ఆ తర్వాతే మనకి అమ్మటం.

పదిహేనేళ్ల లెక్క మర్చిపోవద్దు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఫామ్ 25 పెట్టి ఐదేసి ఏళ్లు రెన్యూవల్. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యూవల్ ఫీజు 600 నుంచి 5 వేలు చేశారు, 20 ఏళ్లు దాటిన కార్లకి 2025లో 10 వేలు చేశారు. నా బండి 2008ది కాబట్టి 2023లో అమ్మినాయనే రెన్యూవల్ చేయించి 2028 దాకా తెచ్చుకున్నాడు, ధర కాస్త ఎక్కువ చెప్పినా నేను దానికే ఇష్టపడ్డా. గడువు దాటిపోయిన బండి చవగ్గా వస్తుంది కానీ రెన్యూవల్ అక్కడే, వాళ్ల రాష్ట్రంలోనే, వాళ్ల చేతే చేయించి అప్పుడు తీసుకోండి. ఢిల్లీ నంబరు బళ్లు ఇంకా చవగ్గా కనిపిస్తాయి, అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ మీద ఎన్‌జీటీ (పర్యావరణ కేసుల ట్రిబ్యునల్) ఆర్డర్లు, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పటం, తర్వాత మళ్లీ మార్పులు, ఇదంతా ఉంది కాబట్టి ఢిల్లీ బండి అయితే వేరే రాష్ట్రానికి తీసుకెళ్లటానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ చేతికి రాకుండా పెద్ద మొత్తం ఇవ్వొద్దు.

జిప్సీకి మాత్రమే ఉండే కాయితం చిక్కులు రెండు మూడు ఉన్నాయి. ఒకటి సఫారీ బళ్లు. కార్బెట్ దగ్గర రామ్‌నగర్ వైపు టూరిస్టుల్ని అడవిలో తిప్పే జిప్సీలు టాక్సీ రిజిస్ట్రేషన్‌లో ఉంటాయి, పసుపు ప్లేటు, అమ్మే ముందు తెల్ల ప్లేటు తగిలించి ఫోటో తీస్తే మనకి తెలియదు, ఆర్‌సీలో వెహికల్ క్లాస్ చదవండి. ప్రైవేటుకి మార్చి ఇస్తేనే తీసుకోవాలి. రెండోది మిలటరీ వేలం బళ్లు. ఆర్మీ వాడి తీసేసిన జిప్సీలు వేలంలో కొని సివిల్ రిజిస్ట్రేషన్ చేయిస్తారు, అది తప్పేం కాదు, కానీ ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ సంవత్సరం ఒకటి, తయారైన సంవత్సరం ఇంకోటి ఉంటుంది, మీరు ధర కట్టాల్సింది తయారైన ఏడాదికి. వేలం కాయితాల కాపీ కూడా అడిగి తీసుకోండి. ఆర్మీ ఆకుపచ్చ అంటే ఆలివ్ గ్రీన్ రంగు మాత్రం సివిల్ బండికి వేయకూడదు, మోటారు వాహనాల రూల్స్‌లో 121వ రూల్ అదే చెప్తుంది, ఆ రంగు బండి ముచ్చటపడి తెచ్చుకుంటే మన దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి రంగు మార్పించుకుని రావాల్సి ఉంటుంది. మూడోది ఇంజను మార్చినవి. డీజిల్ ఇంజను పెట్టినవి, వేరే కారు ఇంజను పెట్టినవి చాలా తిరుగుతున్నాయి, ఆర్‌సీలో ఎక్కించకపోతే ఇంజను నంబరు కలవదు, అలాంటిది నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను.

మోసాల గురించి ఒక్క మాట, జిప్సీకి ఇది ఎక్కువ పనిచేస్తుంది కాబట్టి చెప్తున్నా. "నేను ఆర్మీలో చేస్తున్నా, ట్రాన్స్‌ఫర్ అయింది, అర్జెంటుగా అమ్ముతున్నా" అని ఐడీ కార్డు ఫోటో, యూనిఫాం ఫోటో పంపుతారు, ధర బజారు ధరలో సగం ఉంటుంది, బండి చూడటానికి వస్తానంటే కంటోన్మెంట్ లోపలికి పంపరు అంటారు, ఆర్మీ ట్రక్కులో పంపిస్తా ముందు ట్రాన్స్‌పోర్ట్ చార్జీలు వేయండి అంటారు. జిప్సీ, ఆర్మీ రెండూ మన మనసులో కలిసి ఉన్నాయి కాబట్టి నమ్మేస్తాం. బండి కళ్లతో చూడనివ్వని వాడికి పైసా పంపొద్దు. అడ్వాన్స్ తిరిగి ఇస్తున్నా క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నా నమ్మొద్దు, డబ్బు రావటానికి పిన్ అక్కర్లేదు.

కాయితాలు బాగున్నాయి అనుకున్నాక వీడియో కాల్. రికార్డు చేసి పంపే వీడియో వద్దు, లైవ్‌లో చేయమనండి, పగటి వెలుతురులో, బండి కడగకుండా. నంబర్ ప్లేటు నుంచి మొదలుపెట్టి ఆపకుండా ఛాసీ నంబర్ దగ్గరికి, అక్కడ్నుంచి బానెట్ లోపలికి, తర్వాత మ్యాట్లు ఎత్తి ఫ్లోర్, తర్వాత వెనక నుంచి పడుకుని కింద భాగం. ఓపిగ్గా చూపించే మనిషి దగ్గర బండి కూడా బాగుండే అవకాశం ఎక్కువ, ఇది నేను నాలుగైదు బళ్లు చూసి గమనించింది. నాకు అమ్మినాయన పెద్దాయన, వీడియోలో తానే టార్చి పట్టుకుని "ఇదిగో ఇక్కడ కొంచెం తుప్పుంది బేటా" అని చూపించాడు, ఆ తుప్పు చూశాకే టికెట్ బుక్ చేసుకున్నా.

అవును, వెళ్లాల్సిందే. టికెట్టుకి పదివేలు అవుతుందని వెనకాడి లక్షల బండి కళ్లు మూసుకుని కొనటం ఏం లెక్క. అసలు వెళ్లలేకపోతే ఆ ఊళ్లో అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌ని పట్టుకుని ఫీజు ఇచ్చి చూపించండి. డెహ్రాడూన్, ఢిల్లీ, జైపూర్, చండీగఢ్ ఎక్కడైనా చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లని తోడు పంపితే ఇంకా మంచిది, భాష ఇబ్బంది ఉండదు.

వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం, గుడ్డముక్క, టార్చి, స్క్రూడ్రైవర్ పెట్టుకోండి, పాత బట్టలు ఒక జత తీసుకెళ్లండి, ఎందుకంటే కింద పడుకోవాలి. అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరుపుకుంటూ పోతే పుట్టీ పెట్టిన చోట అంటుకోదు. డోర్ల కింది అంచు, ముందు అద్దం ఫ్రేము, వెనక చక్రాల పైన, డిక్కీ డోర్ కింద, ఇవి నీళ్లు నిలిచే చోట్లు. బాడీ తుప్పు అయితే టింకరింగ్ వాళ్లు చూసుకుంటారు. ఛాసీ మాత్రం వేరు, జిప్సీకి బాడీ కింద నిచ్చెన లాంటి ఛాసీ ఉంటుంది, బండి బలం అంతా దాంట్లోనే. కమాన్ పట్టీలు తగిలించే బ్రాకెట్ల దగ్గర, బాడీ బోల్టులు పడే చోట స్క్రూడ్రైవర్ వెనక వైపుతో తట్టండి, టంగ్ అని మోగాలి, డబ్ అంటే లోపల తినేసింది. కొత్తగా నల్ల రంగు దట్టంగా పూసి ఉంటే అక్కడే ఎక్కువసేపు చూడండి. వెల్డింగ్ అతుకులు ఉంటే ఎందుకు వేశారో అడగండి, బోల్తా పడిన బండి కావొచ్చు. గోవా, కేరళ, మన వైజాగ్ లాంటి సముద్రం పక్క బళ్లకంటే రాజస్థాన్, పంజాబ్ ఎండ బళ్లు ఛాసీ విషయంలో నాకు ఎక్కువ నమ్మకం. కొండ ఊళ్ల బళ్లకి తుప్పు తక్కువున్నా క్లచ్, బ్రేకులు బాగా అరిగి ఉంటాయి.

ఛాసీ నంబర్ కొట్టిన చోట చుట్టూ గ్రైండింగ్ చేసిన గీతలు, అక్షరాలు వంకరగా ఉండటం, చుట్టూ వేరే రంగు ఉంటే బేరం అక్కడే ఆపండి. బాగుంటే అప్పుడే కాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది నాలుగైదు ప్రింట్లు తీసుకోండి, ఎన్‌ఓసీకీ, తర్వాత మన ఆర్టీవోలో ఫారాలకీ అవే అంటించాలి. ఇంటికొచ్చాక గుర్తొస్తే బండి ట్రక్కులో ఎక్కడో ఉంటుంది.

ముందు చక్రాల దగ్గర యాక్సిల్ చివర గుండ్రటి నకిల్ (చక్రం పక్కకి తిరిగే కీలు) మీద గ్రీజు, ఆయిల్ కారి మట్టి పట్టి ఉందా చూడండి, సీళ్లు పోతే అలా అవుతుంది. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతుంటే కింగ్ పిన్ బేరింగులో, వీల్ బేరింగులో పని ఉంది, ఇలాంటి బండే 60 దాటాక స్టీరింగ్ గజగజా ఊగుతుంది. ఇవి బేరానికి పనికొచ్చే లోపాలు, బండి వదిలేసే లోపాలు కావు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నేనొచ్చే దాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, వేడిగా ఉంటే ఎందుకో అడగండి. ఆయిల్ మూత కింద మీగడలా తెల్లగా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి, హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. స్టార్ట్ చేశాక నీలం పొగ వస్తూనే ఉంటే ఆయిల్ కాలుతుంది. తెల్ల పొగ చలికాలం పొద్దున్నే రెండు నిమిషాలు వస్తే పర్లేదు, వేడెక్కాక కూడా వస్తే రేడియేటర్ నీళ్లు తాగుతుంది. నడిపేటప్పుడు మూడో గేరు నుంచి రెండో గేరుకి దించేటప్పుడు గరగరమంటుందా, గేరులో ఉండగా యాక్సిలరేటర్ వదిలితే గేరు జారిపోతుందా చూడండి. ఫోర్ వీల్ పనిచేస్తుంది సార్ అన్న మాట వినొద్దు, మట్టిలోకి తీసుకెళ్లి 4హెచ్‌లో (ఫోర్ వీల్ హై), తర్వాత బండి ఆపి 4ఎల్‌లో (ఫోర్ వీల్ లో) వేసి కదిలించండి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పొద్దు, ముందు వెనక చక్రాల మధ్య సర్దుబాటు చేసేది ఇందులో లేదు కాబట్టి గేర్లన్నీ బిగుసుకుంటాయి, అమ్మేవాడు అలా తిప్పి చూపిస్తుంటే ఆపమనండి.

డబ్బు సంగతి. అక్కడికి వెళ్లి చూశాక టోకెన్ ఇవ్వండి, అది కూడా ఆర్‌సీలో ఉన్న మనిషి బ్యాంకు ఖాతాకే. స్టాంపు పేపర్ మీద బండి నంబరు, ఛాసీ నంబరు, మొత్తం ధర, టోకెన్ ఎంత, ఎన్‌ఓసీ ఎన్ని రోజుల్లో ఇస్తాడు, ఇవ్వకపోతే టోకెన్ తిరిగి ఇవ్వాలి అని రాయించండి. ఎన్‌ఓసీకి ఫామ్ 28, దాన్లో మీ ఊరి ఆర్టీవో పేరు సరిగ్గా పడాలి, మా ఫ్రెండ్‌కి పక్క జిల్లా పేరు పడి మళ్లీ మనిషిని పంపాల్సొచ్చింది. చలాన్లు కట్టకపోతే ఎన్‌ఓసీ రాదు, ఎవరు కడతారో బేరంలోనే తేల్చుకోండి. ఎన్‌ఓసీ ఆన్‌లైన్లో కనిపించాక మిగతా డబ్బు వేసి, అప్పుడు ఓనర్ పేరు మార్చటానికి ఫామ్ 29, ఫామ్ 30 మీద సంతకాలు, ఒరిజినల్ ఆర్‌సీ, రెండు తాళాలు, ఇన్సూరెన్స్, ఓనర్ ఆధార్ పాన్ కాపీలు తీసుకుని, డెలివరీ కాయితం మీద తేదీతో పాటు టైము కూడా రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. ఆర్‌సీలో పేరు మారేదాకా యాక్సిడెంట్ అయితే బాధ్యత పాత ఓనర్ మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, అందుకే మంచి అమ్మకందారు కూడా త్వరగా మార్చుకోమని వెంటపడతాడు, విసుక్కోవద్దు.

తెచ్చుకోవటం రెండు రకాలు, ట్రక్కులో వేయటం, నడుపుకుని రావటం. పాత బండిని కొన్న రోజే 2 వేల కిలోమీటర్లు తోలొద్దు అనేది నా మాట. ట్రక్కులో వేస్తే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ రాయించండి, ఎక్కించే ముందు నాలుగు వైపులా వీడియో, ఓడోమీటర్ ఫోటో తీయండి, స్టెప్నీ, జాకీ, టూల్స్ ఉన్నట్టు బిల్టీలో (ట్రాన్స్‌పోర్ట్ రసీదు) రాయించండి. నడిపే తీరాలనుకుంటే అక్కడే రెండు రోజులు ఆగి ఆయిల్, కూలెంట్, బెల్టులు, రేడియేటర్ హోసులు, బ్రేక్ ఆయిల్ మార్పించి అప్పుడు బయల్దేరండి. ఢిల్లీ, ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, నాగపూర్, ఆదిలాబాద్ మీదుగా ఎన్‌హెచ్ 44 హైదరాబాద్ దాకా తిన్నగా ఉంటుంది, ట్యాంకు 40 లీటర్లే కాబట్టి మూడొందల కిలోమీటర్లకోసారి పోయించుకోండి, 80 దాటించొద్దు, చీకటి పడ్డాక ఆగండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ రెండూ బతికి ఉండాలి. ఫాస్టాగ్ పాత ఓనర్ది పీకించి మీది వేసుకోండి, లేకపోతే టోల్ డబ్బులు ఆయన ఖాతాలో కట్ అవుతాయి.

ఇంటికొచ్చాక బద్ధకించొద్దు. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో కంపెనీకి రాయాలి, నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌తోనే పోతుంది కాబట్టి ఆ తేడా కట్టాల్సొస్తుంది. ట్రాన్స్‌ఫర్‌కి కొన్నవాళ్లకి 30 రోజుల గడువు. వేరే రాష్ట్రం నంబరుతో 12 నెలలకి మించి ఉంచకూడదు అన్నది చట్టం, కానీ ఏడాది ఉంది కదా అని ఊరుకుంటే దార్లో ఎవరో ఒకరు ఆపి లైఫ్ ట్యాక్స్ అడుగుతారు. ఎన్‌ఓసీ, కొత్త నంబరు కోసం ఫామ్ 27, ఇంకా 29, 30, పాత ఆర్‌సీ, ఛాసీ ప్రింట్లు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసులో స్లాట్ తీసుకోండి. లైఫ్ ట్యాక్స్ బండి వయసు, అప్పటి ధర చూసి లెక్కేస్తారు, అందుకే పాత ఇన్వాయిస్ దొరికితే అమ్మేవాడి దగ్గర్నుంచి తప్పకుండా తెచ్చుకోండి. ఈ ట్యాక్స్ ఎంతో బండి కొనకముందే మీ ఆఫీసులో కనుక్కుని ధరలో కలిపి చూసుకోండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, చవగ్గా వచ్చింది అనుకున్న బండి ట్రక్కు కిరాయి, ట్యాక్స్, టైర్లు కలిపేసరికి పక్కూళ్లో దొరికే దానికంటే ఎక్కువ అవుతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసే రోజు ఎక్స్‌ట్రా లైట్లు, ముందు తగిలించిన బుల్ బార్ పీకేసి తీసుకెళ్లండి.

కొత్త ఆర్‌సీ చేతికొచ్చాక దాని కాపీ పాత ఓనర్‌కి పంపండి, ఆయన అక్కడ ముందే కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానిది వాపసు వచ్చే వీలుంటే దరఖాస్తుకి అదే కావాలి. డెహ్రాడూన్ పెద్దాయనకి నేను ఏపీ 39 ప్లేటు వేసిన రోజు ఫోటో పంపా, డిక్కీ డోర్ కింద తుప్పు తీయించావా లేదా అని అడిగాడు, తీయించిన ఫోటో కూడా పంపా.